ఎమ్మిగనూరు మీదుగా

ఆదోనిలో నిలబడి మీరు ఏ ఊరికి దారి అడగండి, వెంకోబారావు ముందు మిమ్మల్ని ఎమ్మిగనూరుకు పంపిస్తాడు. మంత్రాలయానికి ఎమ్మిగనూరు మీదుగా. సరే, ఆ దారీ ఒకటుంది. కోసిగికీ ఎమ్మిగనూరు మీదుగానే. ఆదోనిలో రైలెక్కితే తిన్నగా దిగే ఊరు కోసిగి. మద్దికెర దక్షిణాన ఉంది. దాన్ని అడిగినవాణ్ణి కూడా ఉత్తరానికి పోయే బస్సెక్కించిన మహానుభావుడాయన.

చుట్టుదారి ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణం. పత్తి మార్కెట్లో గుమాస్తా. మార్కెట్‌కూ ఇంటికీ కూతవేటు దూరం. ఆయన మాత్రం స్టేషన్ దాకా పోయి, కొండ కింద తిరిగి, చెరువు కట్ట ఎక్కి దిగి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవాడు. మధ్యలో ఎవరైనా "యాడికి రావుగారూ?" అంటే, "ఇంటికే పోతాండా" అనేవాడు, ఇంటికి వీపు పెట్టి నడుస్తూ. ఆ చుట్టులోనే పిట్టలు చూసే పిచ్చి పట్టుకుంది. తిన్నగా పోయేవాడికి కాకి తప్ప ఇంకోటి కనపడదని ఆయన సిద్ధాంతం. ఆ గుణానికి ఎమ్మిగనూరు మాత్రం తర్వాతెప్పుడో వచ్చి చేరింది.

ఇవేవీ గురురాజకు తెలీవు. డెబ్భై ఎనిమిదిలో బ్యాంకు వాళ్ళు అతన్ని అనంతపురం నుంచి ఆదోనికి బదిలీ చేశారు. కొత్త ఊరు, ఒంటి మనిషి, మెడలో దుర్భిణి. మొదటి ఆదివారం మేడ మీద నిలబడి దుర్భిణి కళ్ళకు పెట్టుకునేసరికి వీధి వీధంతా కిటికీలు మూసుకుంది. సోమవారం ఇంటి ఓనరు వచ్చి, "గద్దనే చూసినావో, ఇంకేం చూసినావో, ఇంక మేడ ఎక్కొద్దప్పా" అన్నాడు.

ఆ మాట ఊరంతా తిరిగి మార్కెట్‌కూ చేరింది. మర్నాడు బ్యాంకులో డ్రాఫ్టు తీసుకోవడానికి వచ్చిన వెంకోబారావు కౌంటర్ మీదికి వంగి రహస్యంగా అడిగాడు.

"గద్దనేనా?"

"గద్దనే సార్."

"తోక చీలిందా, గుండ్రమా?"

గురురాజకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనైంది. ఈ ఊళ్ళో తన మాట నమ్మిన మొదటి మనిషి! వెంకోబారావు సంచిలోంచి ఒక చిన్న పుస్తకం తీసి చేతిలో పెట్టి, డ్రాఫ్టు సంగతి మరిచి వెళ్ళిపోయాడు.

జేబులో పట్టేంత పుస్తకం. 'ఆదోని ప్రాంతపు పిట్టలు: చూడవలసిన చోట్లు, పోవలసిన దారులు.' లక్ష్మన్న ప్రెస్సులో పెళ్ళిపత్రికలకూ మార్కెట్ చీటీలకూ మధ్య దొరికిన సందులో అచ్చయింది. లక్ష్మన్న దగ్గర పిట్టల బొమ్మలచ్చు బ్లాకులు లేవు. అందుకని ప్రతి పేజీ మీదా శుభలేఖల చిలకల జంటే కూర్చుంది. కొంగల మడుగు మీదా చిలకలే, గద్దల గుట్ట మీదా చిలకలే.

లోపల చదివితే మాత్రం పక్కన మనిషి నడుస్తున్నట్టే ఉండేది. 'పొద్దున పోతే కట్టకు తూర్పు కొసన నిలబడండి, ఎండ వీపుకు తగలాలి.' 'అడవి బాతులు శివరాత్రి దాటితే ఉండవు. అప్పుడు పోయి నన్ను తిట్టొద్దు.' 'మలుపు దగ్గర నల్ల కుక్క మొరుగుతుంది, భయం లేదు. పక్కనున్న తెల్ల కుక్క మొరగదు. చూసుకోండి.' ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, ఏ అవ్వ మజ్జిగ పోస్తుంది, ఆఖరు బస్సు నిజంగా ఎప్పుడు వస్తుంది, అన్నీ అందులో ఉన్నాయి.

ప్రతి చోటు కిందా చివర ఒక మాట ఉంది: 'ముందుగా ఎమ్మిగనూరులో భీమసేనరావు గారింట గేటు తాళంచెవి తీసుకొనవలెను. తిరుగు ప్రయాణంలో అప్పజెప్పి, చూసినది చెప్పవలెను.'

గురురాజ ఆ ఆదివారమే ఎమ్మిగనూరు బస్సెక్కాడు. భీమసేనరావు రిటైరైన సైన్సు మాస్టరు. నల్లద్దాలు పెట్టుకుని వరండాలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. రెండు కళ్ళూ లేవు. 'చూపు లేని మనిషికి గేటు కాపలా అప్పజెప్పినారంటే ఇది ఖాయంగా గవర్నమెంటు గేటే' అనుకున్నాడు గురురాజ. ఆయన గోడ మేకు తడిమి ఇత్తడి తాళంచెవి తీసి, "జాగ్రత్తప్పా, ఒకటే ఉండేది" అని గంభీరంగా అందించాడు.

గోనెగండ్ల దారిలో చెరువు కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచినా గేటు లేదు. కంచె కూడా లేదు. బాతులు మాత్రం పుస్తకం చెప్పిన చోటే, చెప్పినట్టే, నీళ్ళ నిండా ఉన్నాయి.

తాళంచెవి తిరిగి ఇవ్వబోతే అది మొదలైంది. "ఎన్ని? నీళ్ళ మీదనా, గట్టు మీదనా? మెడలు ఎత్తినాయా? ఎత్తితే అరిచినాయా, ఊరికే ఎత్తినాయా?" భార్య సరస్వతీబాయి ఉప్మా తెచ్చింది, కాఫీ తెచ్చింది, ఆయన బాతులా అరిచి వినిపించాడు. పిట్టలు చూసింది గంట, చెప్పింది రెండు గంటలు. ఆఖరు బస్సు పోయింది.

మర్నాడు గురురాజ మార్కెట్‌లో పత్తి బోరాల మధ్య వెంకోబారావును పట్టుకున్నాడు.

"సార్, కట్ట మీద గేటు లేదు."

"లేదా? మరి తాళంచెవి ఏం చేస్తివి?"

"తిరిగి ఇచ్చినా."

"మంచి పని చేస్తివి. అందరూ జేబులో ఏసుకుని పోతే గేటు గతేం కావాల?"

"గేటే లేదు సార్!"

"అందుకే తాళంచెవినన్నా జాగ్రత్తగా చూసుకోవాల."

తర్వాతి చోటు కోసిగి బీళ్ళు. దానికీ అదే తాళంచెవి. ఆకాశం అంచుదాకా అడ్డులేని బీడుకు తాళంచెవి పట్టుకుని బయల్దేరాడు గురురాజ. ఇంకో సలహా కూడా ఉంది పుస్తకంలో: 'ఈ పక్క పోయేవారు నెత్తిన టోపీ, చేతిలో సంచి పెట్టుకోరాదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల వాళ్ళని అనుకుని మొగవాళ్ళు పరిగెత్తుతారు. వాళ్ళను చూసి పిట్టలూ లేచిపోతాయి.' ఎమర్జెన్సీ పోయింది కదా, ఇంకా ఏం భయమని గురురాజ టోపీ పెట్టుకున్నాడు, సంచి పట్టుకున్నాడు.

చేలో పని చేసే మొగవాళ్ళు అతన్ని చూశారు. మరుక్షణం చేలో మొగవాళ్ళు లేరు. దూరంగా దుమ్ము లేచింది. మారెమ్మ అనే కూలి మనిషి ఒక్కతే కొడవలి నడుముకు ఆనించి నిలబడింది.

"యాడికప్పా మావోళ్ళని పిల్సకపోయేది?"

"నేను పిట్టల్ని చూడ్డానికి వచ్చినానమ్మా."

"అందరూ ముందు అట్లనే సెప్తారు."

గురురాజ టోపీ తీసి సంచిలో కుక్కి, పుస్తకం చూపించాడు. చిలకల జంట చూసి మారెమ్మ మొహం విచ్చుకుంది.

"ఎంకోబన్న పుస్తకమా? ముందే సెప్పేదానికేం రోగం?" అని, దుమ్ము వైపు తిరిగి కేకేసింది. "ఒరేయ్, రాండ్రా! పిట్టలాయనే! కత్తెర లేదు!"

సిగ్గుపడుతూ తిరిగొచ్చిన మొగవాళ్ళే అతన్ని బీటి మీదికి తీసుకుపోయి వేలు చూపించారు. గడ్డిలో తల ఎత్తుకుని, పెండ్లికొడుకు తండ్రిలా నడుస్తోంది బట్టమేక పిట్ట. పుట్టి బుద్ధెరిగాక ఆ పిట్టను చూడడం గురురాజకు అదే మొదలు. చాలాసేపు దుర్భిణి దించలేదు. దించాక చేతిలోని చిన్న పుస్తకానికి దండం పెట్టాలనిపించింది. ఎవరూ తెలియని ఊరిలో అది అతని చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. తెల్ల కుక్క దగ్గర్నుంచి టోపీ దాకా ప్రతి అక్షరం నిజం. ఆ తాళంచెవి ఒక్కటే మచ్చ.

ఏడాది తిరిగేసరికి పుస్తకాలు అయిపోయాయి. బెంగుళూరు వాళ్ళూ హైదరాబాదు వాళ్ళూ అడుగుతున్నారు. రెండో అచ్చు సరిదిద్దే పని గురురాజే సంతోషంగా తలకెత్తుకున్నాడు. ప్రతి పేజీలోనూ ఎమ్మిగనూరును కొట్టేశాడు. అచ్చుకు పోయే ముందు తెచ్చి చూపిస్తే వెంకోబారావు ఒక్కో పేజీ తిప్పి చివరిదాకా చూశాడు.

"దారులన్నీ దగ్గరైనాయి సార్" అన్నాడు గురురాజ.

"అవునప్పా. దగ్గరైనాయి" అన్నాడు ఆయన, కళ్ళద్దాలు మడిచి.

మర్నాడు పొద్దున్నే ఆయన భార్య తులసీబాయి బ్యాంకుకు వచ్చింది.

"ఏమన్నావు నాయనా ఆయన్ని? నిన్న మార్కెట్ నుంచి తిన్నగా ఇంటికొచ్చినాడు! పెండ్లయినప్పటి నుంచి ఇట్ల ఎప్పుడూ లేదు. నుదురు పట్టి చూస్తే జ్వరమూ లేదు."

గురురాజ జరిగింది చెప్పాడు. ఆమె బల్ల మీద కూలబడింది.

"ఆ తాళంచెవి మాది. ఊరగాయల అలమరది. ఒకరోజు మాయమైపోయె. యాడుందో తెలిసినాక అడగలేదు. తాళం పగలగొట్టించి కొత్తది ఏసుకున్నా."

"అలమర తాళంచెవి భీమసేనరావు గారి దగ్గరెందుకమ్మా?"

"ఇద్దరూ చిన్నప్పటి నుంచి కలిసి పిట్టల వెంట తిరిగినోళ్ళు. భీమసేనరావుకు కండ్లు పోయినాయి. ఊరంతా వచ్చి అయ్యో పాపం అంటాంటే ఆయనకు ఒళ్ళు మండిపాయె. పనుంటే రాండి, పరామర్శకైతే రావద్దని తలుపేసుకున్నాడు. మా ఆయన్నీ రానియ్యలేదు. అందుకని ఈయన పని పుట్టించినాడు. గేటుదని చెప్పించి ఆ తాళంచెవి మనిషి చేత పంపినాడు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది. "పుస్తకం ముందు పుట్టలేదు నాయనా. తాళంచెవి ముందు పుట్టింది."

గురురాజ కౌంటర్ వదిలి ప్రెస్సుకు పరిగెత్తాడు.

"లక్ష్మన్నా, ఆపు! ఎమ్మిగనూరు మళ్ళీ పెట్టాల!"

"పెండ్లి పత్రికలకు ఆ ఊరి అక్షరాలన్నీ విప్పేసినా కదప్పా" అన్నాడు లక్ష్మన్న నెత్తి కొట్టుకుంటూ. "పోయినసారి ఈ ఊరొక్కదానికే నా దగ్గరుండే 'మ్మి'లన్నీ చాలకపాయె. కర్నూలు నుంచి తెప్పిస్తి. ఆ ఊరికి పోకుండా పిట్టలు కనపడవా?"

"కనపడవు" అన్నాడు గురురాజ.

అక్కడి నుంచి ఎమ్మిగనూరుకు పోయాడు. తప్పు చేసినవాడిలా వరండాలో నిలబడితే, అడుగుల చప్పుడు బట్టే భీమసేనరావు పట్టేశాడు.

"బ్యాంకాయన! తాళంచెవి కావాల్నా?"

"సార్... ఆ గేటు..."

"లేదులే. ఆ కట్ట మీద నేను తిరగని అడుగు లేదు. గేటు యాడిది?" ఆయన తాళంచెవి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మొదటి రోజే తెలిసె. దీనికి ఇంకా తులసీబాయి ఆవపిండి వాసన పోలేదు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు సార్?"

"దొంగపని చేసేటోణ్ణి పట్టుకోవచ్చప్పా. మంచిపని చేసేటోణ్ణి పట్టుకుంటే వాడు సిగ్గుపడి మానుకుంటాడు." ఆయన తాళంచెవిని మళ్ళీ మేకుకు తగిలించాడు. "వచ్చినోళ్ళు నా దగ్గర జాలి చూపించేదానికి తీరిక లేకుండా చేసినాడు. అందరూ గేటు గురించి కొట్లాడేటోళ్ళే. ఎంత హాయిగా ఉండిందో!"

గురురాజ మేకుకు ఊగుతున్న తాళంచెవిని చూశాడు. తర్వాత ఏ దేవుడు పలికించాడో గాని, వెంకోబారావు శిష్యుడు అనిపించుకునే మాట ఒకటి నోటికొచ్చింది.

"ఒక ఇబ్బంది వచ్చింది సార్. ఆ తాళం బాగా తుప్పు పట్టింది. నాకు రావడం లేదు. ఆదివారం మీరే వచ్చి తియ్యాల."

భీమసేనరావు చెయ్యి మేకు మీదే ఆగిపోయింది. కళ్ళు పోయినప్పటి నుంచి ఆయన ఆ వరండా దాటలేదు. లోపల సరస్వతీబాయి గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

"తుప్పా?" అన్నాడు చివరికి. "అయితే రావాల్సిందే. సరస్వతీ, నా చెప్పులు యాడున్నాయో చూసి పెట్టు."

ఇక వెంకోబారావును రప్పించాలి. గురురాజ మార్కెట్‌కు పోయి, "సార్, కట్ట మీద గేటు కనపడింది" అన్నాడు.

వెంకోబారావు చేతిలోని కలం జారిపోయింది. "గేటు... కనపడిందా?"

"పెద్దది. ఆదివారం వచ్చి చూడండి."

ఆదివారం పొద్దున వెంకోబారావు, తను పుట్టించిన గేటును తనే చూడడానికి, జీవితంలో రెండోసారి తిన్నని దారిలో వచ్చాడు. కట్ట మీద గేటు లేదు. తూర్పు కొసన, ఎండ వీపుకు తగిలేలా, గురురాజ భుజం పట్టుకుని భీమసేనరావు నిలబడి ఉన్నాడు.

వెంకోబారావు వచ్చి పక్కన నిలబడ్డాడు. చెరువులో బాతులే మాట్లాడుకున్నాయి. అంతలో గట్టు కింద ఏదో పిట్ట కీచుమని అరిచింది.

"ఎర్ర తీతువు" అన్నాడు భీమసేనరావు.

"కండ్లు పోతే పాయె, చెవులకేమొచ్చింది నీకు?" అన్నాడు వెంకోబారావు. "అది పచ్చ తీతువు."

"నీళ్ళ పక్కన పచ్చ తీతువు యాడిదిరా? పుస్తకం రాసినోనివంట!"

"నా పుస్తకం నాకే సెప్పొచ్చినావా?"

నాలుగేళ్ళ మౌనం కట్ట మీద తెగి పారింది. చదువూ సభ్యతా మరిచి 'ఒరే' అంటే 'ఒరే' అనుకుంటూ, చేతులు తిప్పుకుంటూ, ఎప్పుడు పట్టుకున్నారో ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని, ఇద్దరూ గురురాజ మీదికి తిరిగారు.

"నీ దగ్గర దుర్భిణి ఉంది కదప్పా! చూసి చెప్పు. ఎర్రదా, పచ్చదా?"

గురురాజ దుర్భిణి ఎత్తి చూశాడు. గట్టు కింద, బురదలో, ఒంటికాలి మీద పిట్ట తాపీగా నిలబడి ఉంది. ఎర్ర తీతువూ కాదు, పచ్చ తీతువూ కాదు. మామూలు ఉల్లంకి పిట్ట.

అతను దుర్భిణి దించి, అద్దాలు తుడుచుకుంటూ చెప్పాడు.

"ఎగిరిపోయింది సార్."