కత్తికి కాలు తగిలిన శనివారం

నా చిన్నప్పుడు అమెరికాలోని అరోరాలో తెలుగు మాట వినబడాలంటే మా ఇంట్లోనే వినబడాలి. ఇప్పుడు కూరగాయల కొట్టు లైనులో నిలబడితే ముందొక గుంటూరు, వెనకొక కరీంనగర్ తగులుతున్నాయి గానీ, అప్పట్లో వీధి మొత్తానికి మేమే. నాన్నకి ఊరి చివర యంత్రాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మా నేనూ వచ్చి ఆయన దగ్గర చేరాం. ఈ దేశంలో ఇంగ్లీషు కంటే ముందు అమ్మ నేర్చుకున్నది వాకిట్లో మంచు తీయడం. అది నేర్పినవాడు పక్కింటి తాత.

ఆయన పూర్వీకులు ఎప్పుడో స్కాట్లండ్ నుంచి ఓడెక్కి వచ్చారట. ఆయన మాత్రం పుట్టింది ఇల్లినాయ్‌లో, పని చేసింది రైల్వేలో. స్కాట్లండ్‌ని కళ్ళారా చూసింది ఒక్కసారే, అదీ వారం రోజులు. అయినా ఆయన మాట్లాడుతుంటే నిన్న సాయంత్రమే అక్కడి నుంచి వచ్చి దిగాడనుకోవాలి. నన్ను 'లాస్' అని పిలిచేవాడు. పిల్లా అని దానర్థం. మా అమ్మ ఆయన్ని తాతగారూ అంటుంటే అదేదో బిరుదనుకుని, మిగతా వీధి వాళ్ళ చేత కూడా అలా పిలిపించుకోవాలని చూశాడు గానీ ఎవరికీ నోరు తిరగలేదు.

ఊళ్ళో స్కాటిష్ సంఘం ఒకటుండేది. నెలకోసారి చర్చి కింది హాల్లో కలిసేవాళ్ళు. ఏడాదికోసారి, మే నెలలో ఒక శనివారం, స్కూలు మైదానంలో పెద్ద జాతర. మగవాళ్ళు గళ్ళ పావడాల్లో తిరిగేవాళ్ళు. ఒక్కో ఇంటి పేరు వాళ్ళకి ఒక్కో రకం గళ్ళు. తిత్తిలోకి గాలి ఊది వాయించే బ్యాగ్‌పైప్ మోగితే మైదానం అదిరిపోయేది. మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ చెవులు మూసుకోలేదు సరికదా, ఇది మన సన్నాయికి చుట్టమే అని తేల్చేసింది. ఆ సంఘంలో పిల్లలకి డాన్సు నేర్పేది తాత భార్య, పక్కింటి మామ్మ. అమ్మకి డాన్సంటే ప్రాణం. కూచిపూడి చెప్పేవాళ్ళు చుట్టుపక్కల ఎక్కడా లేరు. దొరికిన డాన్సులో చేర్పించేసింది. అలా నేను నూనె రాసిన రెండు జడలతో, మోకాళ్ళ దాకా మేజోళ్ళతో స్కాటిష్ డాన్సులు నేర్చుకున్నాను.

ఇక్కడ నా అలవాటొకటి చెప్పాలి. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలని మాకు పుట్టినప్పటి నుంచీ నూరిపోశారు కదా. పుస్తకమే కాదు, డబ్బు, చీపురు, మనిషి, దేనికి తగిలినా అంతే. అమ్మకి వెనక కూడా కళ్ళుండేవి. వంటింట్లోంచే అరిచేది.

"ఒసేయ్, కాలు తగిలింది, కళ్ళకద్దుకో!"

మూడో తరగతిలో లెక్కల పుస్తకానికి అలా చేస్తే క్లాసు పిల్లలు పడీ పడీ నవ్వారు. ఒకడైతే నెల రోజులు నేను కనబడినప్పుడల్లా తన బూటు ముట్టుకుని కళ్ళకద్దుకునేవాడు. అప్పటి నుంచీ ఆ అలవాటు మానాలని నానా తంటాలూ పడ్డాను. చెయ్యి నా మాట వినేది కాదు.

నాకు పదేళ్ళు వచ్చేసరికి మామ్మ నాకు కత్తి డాన్సు నేర్పింది. కత్తినీ, దాని ఒరనీ నేల మీద కూడిక గుర్తులా అడ్డంగా పెడతారు. ఆ నాలుగు గదుల్లో మునివేళ్ళ మీద ఎగురుతూ ఆడాలి. మొదట నెమ్మదిగా, చివర్లో పైపు పాట వడి పెంచుతుంది. ఏం చేసినా కత్తికి కాలు తగలకూడదు. ఎందుకు తగలకూడదో తాత చెప్పాడు. పూర్వం యుద్ధానికి వెళ్ళే ముందు యోధుడు తన కత్తి మీద ఇలా ఆడేవాడట. తగలకుండా ఆడితే గెలిచి వస్తాడు. తగిలిందా, ఆ మనిషి తిరిగి రాడు. ఇది ఆయనకి వాళ్ళ తాత చెప్పిన మాట. ఆ తాతగారి కత్తే గరాజ్‌లో, నూనె గుడ్డలో చుట్టి, రెంచీల పక్కన ఉండేది.

ఆ ఏడు చలికాలం పోయేసరికి పక్కింటి తాతకి ఆయాసం మొదలైంది. డ్రైవ్‌వే చివరి దాకా వెళ్ళి పేపరు తెచ్చుకోవడానికి రెండుసార్లు ఆగేవాడు. గుండెకి ఆపరేషన్ చేయాలన్నారు. అప్పట్లో ఆ మాటంటే పెద్దవాళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు. అమ్మ, నాన్న కూడా తగ్గించారు, అందుకే నేను చెవులు రిక్కించాను. జాతర శనివారం, ఆపరేషన్ మంగళవారం.

జాతరకి వారం ముందు ఆయన గరాజ్‌లోకి పిలిచి కత్తి నా చేతికిచ్చాడు. ఆయన మాట ఇంగ్లీషే గానీ, ఇన్నేళ్ళుగా నా బుర్రలో అది తెలుగులోనే వినబడుతోంది.

"నా యుద్ధం మంగళవారం. ఈ కాళ్ళతో నేనాడలేను. నా బదులు నువ్వు ఆడతావా, లాస్?"

నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం నవ్వలేదు. ఆడతానని మాటిచ్చాను. ఆ వారమంతా మా ఇంటి వెనక వరండాలో రెండు అప్పడాల కర్రలు అడ్డంగా పెట్టి ఎంత ఎగిరానో చెప్పలేను. ఒక అప్పడాల కర్ర మామ్మది, చపాతీలకని అమ్మ అడిగి తెచ్చుకున్నది.

శనివారం వచ్చింది. నాన్నకి షిఫ్ట్ ఉండి రాలేదు. అమ్మ పెద్ద గిన్నె నిండా పులిహోర చేసి తెచ్చింది. గళ్ళ పావడాల వాళ్ళంతా దాని చుట్టూ మూగి, ఈ పచ్చ రంగు దేనిదని ఆరాలు తీస్తున్నారు. తాత ముందు వరసలో మడత కుర్చీలో, ఒళ్ళో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. నా వంతు వచ్చింది. తలవంచి మొదలుపెట్టాను. నెమ్మది అడుగులన్నీ బాగానే పడ్డాయి. మామ్మ పెదవులు కదుపుతూ లెక్క పెడుతోంది. పైపు వడి పెరిగింది. చివరి గదిలో, ఇంకొక్క చుట్టు ఉందనగా, నా కుడికాలు కత్తిని తాకింది. తాకడమంటే రాసుకోవడం కాదు. కత్తి గడ్డి మీద జానెడు జరిగింది.

అప్పుడు నా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. అందరి ముందూ ఆగిపోయి, వంగి, కత్తిని ముట్టుకుని, రెండు కళ్ళకీ అద్దుకున్నాను. పైపు వాయించేవాడు నన్ను చూస్తూ ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక నాకు ఒక్క అడుగూ గుర్తు రాలేదు. పరుగెత్తి వెళ్ళి కార్లో కూర్చుని తలుపు వేసుకున్నాను.

సిగ్గుతో పారిపోయాననుకున్నారంతా. అమ్మ కూడా అదే అనుకుని, పోనీలేవే, చిన్నపిల్లవి, ఎవరికి గుర్తుంటుంది అని ఊరడించింది. సిగ్గెక్కడిది? నా కాలు తగిలింది, కాబట్టి మంగళవారం తాత తిరిగి రాడు. నాకున్న ఆలోచన ఇదొక్కటే. పైగా బూటు కాలు! ఆ ఆదివారం నేను అన్నం ముట్టలేదు. పక్కింటి వైపు కిటికీ తెర దించేశాను. అమ్మకి చెబుదామని మూడుసార్లు వంటింటి దాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి వచ్చేశాను. చెబితే నిజమైపోతుందని భయం.

సోమవారం స్కూలు బస్సు దిగేసరికి తాత తన గరాజ్ తలుపు ఎత్తి, స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆ సాయంత్రమే ఆయన ఆసుపత్రిలో చేరాలి. తప్పించుకు పోదామనుకున్నాను గానీ ఆయన వేలు చూపించి రమ్మన్నాడు. వెళ్ళాను. ఏమీ అడగకముందే ఏడుపు తన్నుకొచ్చింది. కాలు తగిలిన సంగతి, ఆయన తిరిగి రాడన్న సంగతి, అంతా నా వల్లేనన్న సంగతి ముక్కు ఎగబీలుస్తూ చెప్పేశాను.

ఆయన నవ్వలేదు. అవన్నీ ఉత్త కథలు, నమ్మకు అని కూడా అనలేదు. అలా అని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. నా చేతుల వంక చూసి అడిగాడు.

"మరి చేత్తో ఏదో చేశావే, అదేమిటి?"

కాలు తగిలితే తప్పయిందని చెప్పుకోవడం అన్నాను. చెప్పుకుంటే? చెప్పుకుంటే సరిపోతుంది అన్నాను. అంతేనా? అంతే. ఇంక దోషం ఉండదా? ఉండదనే మా అమ్మ అంటుంది అన్నాను. ఆ మాట నా నోటితోనే నేను చెప్పుకుంటున్నానని అప్పటికింకా నాకు తట్టలేదు.

ఆయన లేచి కత్తిని సిమెంటు నేల మీద పెట్టాడు. కారు మీద ఒక చెయ్యి ఆనించి, చెప్పులేసుకున్న కాలెత్తి, చక్కగా, కావాలనే, కత్తి మీద ఆనించాడు. నేను కెవ్వుమన్నాను.

"మా తాత నాకు కాలు తగలడం వరకే చెప్పాడు. తగిలాక ఏం చేయాలో మా వాళ్ళెవరూ చెప్పలేదు. ఇప్పుడు నువ్వు నేర్పు."

వంగకూడదని డాక్టరు చెప్పాడట. అందుకని నేనే కత్తిని రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. పదేళ్ళ చేతులకి అది చాలా బరువు. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకుని, కత్తిని ముట్టుకుని, ఒక కన్నుకే అద్దుకున్నాడు. రెండు కళ్ళకీ అని సరిదిద్దాను. బుద్ధిగా రెండోదానికీ అద్దుకున్నాడు. అలా నేను జీవితంలో మొదటిసారి ఒక పెద్దమనిషికి పాఠం చెప్పాను. ఆ సాయంత్రం ఆకలేసి రెండుసార్లు పెరుగన్నం కలిపించుకున్నాను.

అయినా మంగళవారం మంగళవారమే. స్కూల్లో గడియారం కదల్లేదు. బస్సు మా వీధి మలుపు తిరిగేసరికి స్టాపులో అమ్మ నిలబడి ఉంది. నేను పెద్దదాన్నయ్యానని అమ్మ స్టాపుకి రావడం మానేసి ఏడాదైంది. ఇప్పుడెందుకు వచ్చింది? నా కాళ్ళు సీటు దగ్గరే ఆగిపోయాయి. అమ్మ రెండు చేతులకీ మోచేతుల దాకా గోధుమపిండి. ఆ చేతులు పైకెత్తి, వీధంతా వినబడేలా తెలుగులో కేకేసింది.

"బానే ఉన్నారే! తాతగారు బానే ఉన్నారు!"

నేను బస్సు మెట్టు మీదే కూలబడి ఏడ్చాను. డ్రైవరు పాపం ఇంజను ఆపి, నా ఏడుపు అయ్యేదాకా ఆగాడు. శనివారం నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాను. అంత తేలికైన సాయంత్రం మళ్ళీ నాకు పెళ్ళయ్యాక, మొదటి బిడ్డ క్షేమంగా పుట్టిందన్న రోజునే దొరికింది.

ఇంటికి నడుస్తూ అమ్మ ఒకటే ఆశ్చర్యపోతోంది.

"వాళ్ళబ్బాయి కంటే ముందు మనింటికే ఫోన్ చేశారే మామ్మగారు! లోపలికి తీసుకెళ్ళేముందు, ముందు ఆ పిల్లకి చెప్పమని మరీ మరీ చెప్పారట తాతగారు. ఎందుకే?"

ఎందుకో మొత్తం చెప్పాను. అమ్మ పిండి చేతులతోనే నన్ను దగ్గరికి లాక్కుని, పిచ్చి మొద్దూ, నాకు చెప్పొద్దటే అని తనూ ఏడ్చింది. నా రెండు జడలకీ పిండి అంటింది.

తాత ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. నేను కాలేజీకి వెళ్ళిపోయే ఎండాకాలం, వాళ్ళ గరాజ్‌లో కూర్చున్నప్పుడు, ఆయన ఒక మాట బయటపెట్టాడు. ఆ శనివారం నా కాలు కత్తిని తాకినప్పుడు, కుర్చీలో ఉన్న ఆయన గుండె జారిపోయిందట. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, రైళ్ళు నడిపినవాడు, వాళ్ళ తాత చెప్పిన కథకి రెండు రాత్రులు నిద్రపోలేదట. సోమవారం గరాజ్‌లోకి పిలిచింది నన్ను ఓదార్చడానికే గానీ, తీరా చూస్తే తన భయం కూడా అక్కడే తీరిందని చెప్పాడు. నేను అంతవరకూ పెద్దవాళ్ళకి భయాలుండవని అనుకునేదాన్ని.

నేను ముప్ఫై రెండేళ్ళు మందుల షాపులో ఫార్మసిస్టుగా పని చేశాను. పొరపాట్లు జరిగాయి, జరగలేదంటే అబద్ధం. ఒకసారి ఒకావిడకి వేరే మోతాదు మందు కట్టిచ్చాను. తెలిసిన క్షణంలో నాకు కార్లోకి పరుగెత్తి తలుపు వేసుకోవాలనే అనిపించింది. అలా వెళ్ళలేదు. ఆవిడకి ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పి, స్వయంగా డ్రైవ్ చేసుకెళ్ళి మందు మార్చి వచ్చాను. అప్పటికి ఆవిడ ఇంకా ఒక్క మాత్రా వేసుకోలేదు. ఆ గుమ్మంలో నిలబడినప్పుడు నా చేతులకి ఆ కత్తి బరువు తెలిసింది.

సంఘం ఇప్పటికీ ఉంది. పోయిన ఏడాది జాతరకి మడత కుర్చీ పట్టుకుని వెళ్ళాను. మామ్మ దగ్గర నేర్చుకున్నవాళ్ళ దగ్గర నేర్చుకున్న పిల్లలు ఆడుతున్నారు. ఎనిమిదేళ్ళ పిల్ల, ఎర్రజుట్టు, ముఖమంతా మచ్చలు, వడి అడుగుల్లో కత్తిని తన్నింది. కుర్చీలోంచి సగం లేచాను. ఆ పిల్ల ఆగింది. వంగి, కత్తిని ముట్టుకుని, రెండు కళ్ళకీ అద్దుకుని, మళ్ళీ పాట అందుకుని చివరిదాకా ఆడింది. ఎవరూ నవ్వలేదు. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత నిమ్మరసం బల్ల దగ్గర కలిస్తే, అలా ఎందుకు చేశావమ్మా అని అడిగాను. పాపం, ఈ ముసలావిడకి ఏమీ తెలియదనుకుని ఓపిగ్గా చెప్పింది.

"కాలు తగిలితే అలా చేయాలండీ, మా టీచరుకి వాళ్ళ టీచరు నేర్పిందట. అప్పుడు ఎవరికీ ఏమీ కాదు. ఇది మా స్కాట్లండ్‌లో చాలా పాత ఆచారం."

నేను కాదనలేదు. రెండు కళ్ళకీ అద్దుకున్నావు, బాగా చేశావు అన్నాను.