సిగిడీ ముందు పీట

"...రాకపోవడమేటి, వచ్చింది! గడువు దాటబెట్టింది నువ్వు," అంటోంది కనకరత్నం, దగ్గు మధ్యలో.

"మళ్లీ ఆ కాగితమేనా? దాన్నొగ్గెయ్యవే," అన్నాడు ఆమె భర్త త్రినాథరావు, డ్యూటీ బూట్లు విప్పుతూ.

ఆ కాగితం గ్యాస్ కనెక్షన్‌ది. నాలుగేళ్లు ఎదురుచూశాక డెబ్బై తొమ్మిదిలో వాళ్ల వంతు వచ్చింది. పదిహేను రోజుల్లో వెళ్లి రాయించుకోవాలి. అప్పుడే ఇరాన్‌లో గొడవలని రేడియో రోజూ చెబుతోంది. త్రినాథరావు చీపురుపల్లి వైపు నుంచి భిలాయి ఉక్కు కర్మాగారానికి వచ్చినప్పటి నుంచీ బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలోనే పని. మంట రంగు చూసి లోపల బొగ్గు ఎంతవరకు కాలిందో చెప్పగలడని ఫోర్‌మన్ కూడా అతన్నే పిలుస్తాడు. అలాంటి మనిషికి సిలిండరు మీద గురి కుదరలేదు. "అక్కడెవరో కొట్టుకుంటే ఖాళీ అయిపోయే డబ్బా మనకెందుకు? మన బొగ్గు మనకుంది," అని కాగితాన్ని కేలండరు వెనక దోపాడు. గడువు దాటిపోయింది.

ఆ ఏడాది చలికాలంలోనే సెక్టరు ఆస్పత్రి డాక్టరమ్మ కనకరత్నం ఛాతీ పరీక్షించి, బొగ్గు పొగ తగిలితే ఈ ఆయాసం తగ్గదని చెప్పింది. అప్పటి నుంచి కిరసనాయిలు స్టవ్వు మీదే వంట. మరుసటేడు ఇరాన్, ఇరాక్ యుద్ధానికి దిగాయి. కిరసనాయిలు డిపో ముందు డబ్బాల వరస పొడుగవుతూ వచ్చింది. ఈ శ్రావణంలో మూడు వారాలుగా అసలు నూనే లేదు. ఇవాళ కూడా కనకరత్నం మూడు గంటలు వానలో నిలబడి ఖాళీ డబ్బాతో తిరిగొచ్చింది.

వస్తూ వస్తూ పక్క క్వార్టరు రామచంద్రరావుని అడిగింది. ఆయన ప్లాంటు కొనుగోళ్ల సెక్షన్లో గుమాస్తా, రోజూ పేపరు చదువుతాడు.

"అన్నయ్యగారూ, ఆ యుద్ధం ఎప్పుడాగుతాది?"

"యుద్ధం ఒక్కటే అయితే బాగుణ్ణమ్మా. నూనె డాలర్లిచ్చి కొనాలి. నిరుడు ఎనిమిది రూపాయల్లోపు ఉన్న డాలరు తొమ్మిది దగ్గరకొచ్చేసింది. వాళ్లు ధర పెంచకపోయినా మనకి పెరిగినట్టే."

"ఆ డాలరుకి నా మీద ఏటి కోపం? నేనెప్పుడూ దాని మొహమైనా చూళ్లేదు."

రామచంద్రరావు నవ్వబోయి ఆగిపోయాడు. "గ్యాస్‌కి మళ్లీ పేరు రాయించు," అన్నాడు.

"రాయించాం. ఆరేళ్లన్నారు."

అందుకే మూడు వారాల కిందట అటక మీది సిగిడీ కిందికి దిగింది. మామూలు రోజుల్లో అయితే ఆ బొగ్గు కుంపటిని పెరట్లో రాజేసి, పొగ తగ్గాక లోపలికి తెచ్చుకోవచ్చు. వాన వదలడం లేదు. వెనక వసారాలో రాజేస్తే పొగంతా వంటగదిలోకే వస్తోంది. కిటికీ తెరిస్తే జల్లు, మూస్తే పొగ.

"ఎనిమిది గంటలు నేను అందులోనే ఉంటాను. నాకేటైంది?" అన్నాడు త్రినాథరావు.

"నీకు మూతికి గుడ్డిచ్చారు. మధ్యలో బయటికొచ్చి టీ తాగుతావు. నాకెవరిచ్చారు?"

అతను విప్పిన బూట్లు గోడవారకి జరిపాడు. ప్లాంటులో కడుక్కొచ్చినా కనురెప్పల అంచున మసి ఇంకా ఉంది. అతనికీ రెండు నెలలుగా పొద్దున్నే దగ్గు వస్తోంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

"అమ్మా, భూఖ్ లగీ హై," అంది ముందు గదిలోంచి ఆకలికాగలేక పదకొండేళ్ల కూతురు కుసుమ.

కనకరత్నం వసారాలోకి వెళ్లి సిగిడీలో పిడకలు పేర్చింది. అగ్గిపుల్ల గీసేలోపే దగ్గు తెర కమ్మింది. గోడ పట్టుకుని, అది తగ్గేదాకా నిలబడింది. తర్వాత పీట తెచ్చి సిగిడీ ముందు వేసింది. తను కూర్చోలేదు. అగ్గిపెట్టె పీట మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"కుసుమ నాన్నా, ఇలా రా," అని భర్తని పిలిచింది. "ఇవాల్టి నుంచి దీన్ని నువ్వే రాజెయ్యాలి, నువ్వే వండాలి. నువ్వు డ్యూటీకెళ్లిన పూట ఈ ఇంట్లో పొయ్యి ఎలగదు."