దేవరకొండ కోటకు రెండోసారి: వీడియోలో కనిపించిన ఎడమ అరుగు

ఒకే కోటకు పది రోజుల తేడాతో రెండుసార్లు ఎందుకు వెళ్లారని మా వీధిలో ఇప్పటికీ అడుగుతున్నారు. మొదటిసారి చూడటానికి వెళ్లాం, రెండోసారి వెతకడానికి. దేవరకొండ కోట ఎక్కాలనుకునేవారికి దారీ ఖర్చూ చెబుతాను. గుట్టలెక్కి వీడియోలు తీసి, ఇంట్లోనే ఎడిట్ చేసుకునే నాలాంటివారికి మిగతాది కూడా పనికొస్తుంది.

మాది కల్వకుర్తి. దసరా సెలవుల్లో నేను, మా ఆడబిడ్డ సుగుణ కోటకు వెళ్లాం. ఆ రోజు సుగుణ తన తోటికోడలు భాగ్యమ్మ బుట్ట కమ్మలు అడిగి పెట్టుకుంది. "హెచ్‌డీల తీస్తవు గద వదినె, జర మంచిగ కనవడాలె" అంది. ఇంటికొచ్చి తలకు చుట్టుకున్న తువ్వాల, సంచీ దులిపాక చూసుకుంటే కుడి చెవి కమ్మ లేదు. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రెండు వారాల్లో, ఆదివారం నాడు భాగ్యమ్మ తమ్ముడి కూతురి పెళ్లి. ఆ లోపల రెండు కమ్మలూ ఆమె చేతిలో పెట్టాలి.

ఈలోగా నేను వీడియో ఎడిట్ చేసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. తొమ్మిది నిమిషాల వీడియో గ్రూప్‌లోకి వెళ్లేసరికి మసకబారింది. మొహాలకు పిండి అద్దినట్టుంది. మిగతావాళ్లు దండాలు, పువ్వులు పెట్టి ఊరుకున్నారు. భాగ్యమ్మ మాత్రం రోజూ ఒకటే అడిగేది, "సాఫ్ ఉన్నది పంపుండ్రి, టీవీల వెట్టి సూస్త." పంపితే బోడి చెవి కనిపిస్తుందని సుగుణకు భయం. పంపకపోతే అనుమానం వస్తుందని నాకు భయం.

కమ్మ ఎక్కడ పడిందో వీడియోలోనే తెలియాలి కదా అని ఇద్దరం కూర్చున్నాం. సుగుణ ఫోన్‌లో ఉన్న మసక వీడియోలో చెవే ఆనలేదు. నా ఫోన్‌లో ఉన్నది పూర్తి హెచ్‌డీ. రెండు వేళ్లతో పెద్దది చేస్తే కమ్మ బుట్టకున్న ముత్యాలు కూడా కనిపించాయి. అక్కడి నుంచే తికమక మొదలైంది. మంచి దృశ్యం ముందుండాలని ఎక్కడో విని గుట్ట పైభాగాన్ని మొదట పెట్టాను, తర్వాత కోతులు, ఆ తర్వాత ద్వారాలు. ఫోన్ నిండిపోయిందని విడివిడి ముక్కలన్నీ తీసేశాను. మొదటి నిమిషంలోనే చెవి బోడిగా ఉంది. నాలుగో నిమిషంలో కమ్మ ఊగుతోంది. "అంటే ముందు పోయి, మల్ల వచ్చిందా వదినె?" అంది సుగుణ. ఏది ముందో ఏది వెనుకో చివరికి మంచినీళ్ల సీసా చెప్పింది. సీసాలో నీళ్లు తగ్గిన వరుసలో దృశ్యాలను మళ్లీ రాసుకుంటే లెక్క కుదిరింది. ఎక్కేటప్పుడు ఒక ద్వారం దగ్గర సుగుణ అరుగు మీద కూర్చుని తలకున్న తువ్వాల విప్పింది. విప్పకముందు అంచు కింద కమ్మ మెరుస్తోంది, విప్పాక లేదు. వీడియోలో అది ద్వారానికి ఎడమవైపు అరుగు.

గురువారం పొద్దున ఎనిమిది గంటల బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. గంటన్నర దాటింది. దేవరకొండ బస్టాండ్ నుంచి గుట్ట కిందికి ఆటోకు ఎనభై రూపాయలు. ఆటో నడిపే పెద్దాయన మమ్మల్ని గుర్తుపట్టాడు. "మొన్ననే వచ్చిండ్రు గదమ్మా. ఒక్కసారికే అందరు మోకాళ్లు వట్టుకుంటరు, మీరు మల్ల వచ్చిండ్రు."

"మంచిగున్నదని వచ్చినం" అంది సుగుణ.

"మంచిగుంటే నవ్వుకుంట వస్తరు. మీ మొకాలు దవాఖానకు వోతున్నట్టున్నయి."

కోటలో ఎవరూ టికెట్ అడగలేదు. నీళ్లు, తినేది కిందే కొనుక్కోవాలి. ద్వారాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, అన్నీ అక్కచెల్లెళ్లలా ఒకే పోలికలో ఉంటాయి. మాకు కావాల్సింది పైన రాయి పగిలి ఉన్న ద్వారం. వీడియో ఆపి, ద్వారం పక్కన ఫోన్ పట్టుకుని పోల్చుకుంటూ వెళ్లి దాన్ని పట్టుకున్నాం. రెండు వైపులా రెండు రాతి అరుగులు. ఎడమ అరుగు చుట్టూ గడ్డి పీకాం, సీతాఫలం ఆకులు ఒక్కొక్కటే తిరగేశాం. సందుల్లో పుల్లలు పెట్టి చూశాం. గంట గడిచింది. దొరికింది ఒక సోడా మూత.

సీతాఫలాల గంపతో దిగుతున్న ఒకామె ఆగింది. "ఏం దేవులాడుతున్నరమ్మా?"

బంగారమని చెప్పడం ఎందుకని, "కండ్లద్దాలు" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "మొకం మీదనే ఉన్నయి గద."

"అవి వేరే, ఇవి వేరే" అని సుగుణ అందుకుంది. ఆమె గంప దింపి, లేని కళ్లద్దాల కోసం మాతో పాటు కాసేపు వెతికింది. సిగ్గేసి అరవై రూపాయలకు పండ్లు కొన్నాం.

ఆమె వెళ్లాక సుగుణ అరుగు మీద కూలబడింది. "నేను ఈడ కూసున్ననా, ఆడ కూసున్ననా? ఎక్కేటప్పుడు ఎడమంటే దిగేటప్పుడు కుడి గదా వదినె. నా తలకాయ తిరుగుతాంది." నాకూ అంతే. వీడియోను ఇంకోసారి పెట్టాను. ఈసారి చెవిని కాకుండా మనిషిని చూశాను. అందులో సుగుణ పైట కుడి భుజం మీద ఉంది. నాదీ అంతే.

"సుగుణా, నువ్వు ఎన్నడన్న కుడి దిక్కు పైట వేసుకున్నవా?"

"పిచ్చిలేసిందా నీకు?"

ఆ ముక్క సెల్ఫీ కెమెరాతో తీసింది. నా ఫోన్ దాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి దాచుకుంది. వెనక కెమెరాతో తీసినవి సరిగ్గా ఉన్నాయి, ఇవి తిరగబడ్డాయి. రెండింటినీ కలిపి కుట్టేసి, దాన్నే నమ్మి గంటసేపు గడ్డి పీకాం. లేచి కుడి అరుగు దగ్గరికి వెళ్లాం. అరుగుకూ గోడకూ మధ్య సందులో, ఎండుటాకుల కింద కమ్మ ఉంది. దాని వెనక బిగించే శీల మాత్రం దొరకలేదు. సుగుణ కమ్మను కళ్లకద్దుకుని కొంగుకు ముడేసుకుంది. నవ్వాలో ఏడవాలో ఇద్దరికీ తెలియలేదు.

సాయంత్రానికి ఇల్లు చేరి, శీల కొత్తది వేయించి కమ్మలు తుడిచిపెట్టాం. గుట్ట పైభాగంలో బోడి చెవి కనిపించే ముక్క తీసేయమంటావా అని అడిగాను. "ఉండనీ. తీస్తే మల్ల ఏది ముందో ఏది ఎనకనో తెల్వకుంటైతది" అంది సుగుణ. ఈసారి పంపేటప్పుడు హెచ్‌డీ గుర్తు నొక్కి పంపాను.

మర్నాడు కమ్మలివ్వడానికి వెళ్తే భాగ్యమ్మ టీవీలో మా వీడియోనే చూస్తోంది. సుగుణ జరిగిందంతా చెప్పింది. భాగ్యమ్మ టీవీ మీంచి చూపు తిప్పలేదు. "నాకు మసక దాంట్లనే అనుమానమొచ్చిందే. అవునా కాదా సూద్దామని సాఫ్ ఉన్నది అడిగిన. నువ్వే చెప్తవని గిన్ని దినాలు సూసిన." కమ్మలు తీసుకుని, ఒకటి అరచేతిలో తిప్పి చూసి, రెండూ మళ్లీ సుగుణకే ఇచ్చింది. "పెండ్లికి నువ్వే పెట్టుకో. నీ చెవులకే మంచిగున్నయి. కాని గా పైటేందే, ఉల్టా వేసుకున్నవ్?"

ఆ పది రోజులు మేము దాచిందేమిటో, ఆమె చూసిందేమిటో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. మసక వీడియో పంపి క్షేమంగా ఉన్నామనుకున్నాం. ఎంత మసకలోనైనా తన వస్తువును తను గుర్తుపట్టే మనిషి అవతల ఉందని తోచలేదు. కోట మాత్రం రెండుసార్లూ బాగుంది. రెండోసారి కుడి అరుగు మీద కూర్చుని తిన్న సీతాఫలాల రుచి మొదటిసారి లేదు.

మీరు వెళ్లేటట్టయితే ఒక్క మాట: సెల్ఫీ కెమెరాతో తీసినదాన్ని మిగతావాటితో కలిపే ముందు మీ పైట ఏ భుజం మీదుందో చూసుకోండి, అది చూసుకునేదాకా అసలు ముక్కలు తీసేయకండి.