ఉమ్మెత్త మరపించనిది

1944 ఎండాకాలంలో నన్ను డోర్నకల్ నుంచి వరంగల్‌లోని సర్కారు దవాఖానకు అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. ఆ పేరు విని కోతలు కోసేవాడినని జనం అనుకునేవారు గాని, అది హోదా మాత్రమే. మా పైన సివిల్ సర్జన్ ఉంటాడు. పెద్ద ఆపరేషన్లూ పెద్దమనుషుల జ్వరాలూ ఆయనవి. మిగతా లోకమంతా మా నెత్తిన పడుతుంది. యుద్ధకాలం కావడంతో మందులు సరిగా అందేవి కావు. పొద్దున బయటి రోగులు, మధ్యాహ్నం వార్డులు, మధ్యలో పోలీసులు తెచ్చే శవపరీక్షలు. ఉద్యోగం మీద ప్రేమ ఉందా అని అప్పుడెవరైనా అడిగితే, ముందు కూర్చోవడానికి కుర్చీ చూపించమనేవాడిని.

చేరిన కొత్తల్లోనే ఒక మధ్యాహ్నం, హనుమకొండ బజారులో పప్పుల దుకాణం నడిపే వీరేశం తన తల్లిని ఎడ్లబండిలో వేసుకొచ్చాడు. ఆమె పేరు నర్సమ్మ. అరవై దాటి ఉంటాయి. మొహం ఎర్రగా కందిపోయింది. ఒళ్ళు కాలుతోంది గాని చుక్క చెమట లేదు. నాలుక ఎండి అట్టకట్టింది. కంటిపాపలు బాగా విచ్చుకుపోయి, చుట్టూ ఉండే గోధుమరంగు దాదాపు కనిపించడం లేదు. మంచం మీద కూర్చుని, చేతిలో లేని చాటతో పప్పు చెరుగుతూ ఎవరితోనో మాట్లాడుతోంది.

“మందు పెట్టిన్రు డాక్టర్ సాబ్” అన్నాడు వీరేశం.

ఈ మాటను కొంత విప్పి చెప్పాలి. మా వైపు మందంటే దవాఖానలో ఇచ్చేదొక్కటే కాదు. గిట్టనివాళ్ళను పాడు చేయడానికి అన్నంలో కలిపిపెట్టేది కూడా మందే. పెట్టిందెవరని అడిగితే అందరి చూపూ ఆ ఇంటికి కొత్తగా వచ్చిన ఆడమనిషి మీదికే పోతుంది. వీరేశం కూడా తన భార్య అనసూయ వైపే చూశాడు. తాను పెట్టలేదని ఆమె అన్నా వినలేదు. పెళ్ళయి ఏడాది కాలేదు. వర్ధన్నపేట పిల్ల. మామకు కబురు చేశానని, రేపు బండి కట్టుకొచ్చి కూతుర్ని తీసుకుపోతాడని, ఇక ఆమె తమ గడప తొక్కేది లేదని చెప్పాడు. నేను ముసలామె నాడి చూస్తున్నాను. అతను నా సలహా అడగలేదు, తీర్పు వినిపించాడంతే.

లక్షణాలన్నీ ఉమ్మెత్త విషానికి సరిపోతున్నాయి. రూఢి చేసుకోవాలంటే రోగి మూత్రం పిల్లి కంట్లో ఒక చుక్క వేసి, పాప విచ్చుకుంటుందేమో చూడమని మా పాఠ్యపుస్తకం చెప్పేది. దవాఖాన వంటింటి చుట్టూ ఎప్పుడూ తిరిగే పిల్లులు ఆ పూట ఒక్కటీ దొరకలేదు. కడుపు కడగాలని చెప్పి మగవాళ్ళను వరండాలోకి పంపాను. అప్పుడు అనసూయ అసలు సంగతి చెప్పింది.

“అత్తమ్మకు ఉబ్బసం సార్. ఉమ్మెత్తాకు పొగ పీలిస్తె దమ్ము తగ్గుతదని ఎవరో చెప్పిన్రట. పొగ తాగితె ఇంట్ల మొగోళ్ళకు వాసనొస్తదని, మరగవెట్టుకొని తాగింది. ఎవ్వరికి చెప్పద్దని నాతోటి ఒట్టు వేయించుకున్నది. మీరు గూడ మొగోళ్ళ ముందట అనకున్రి.”

ఉబ్బసానికి ఉమ్మెత్తాకు పొగ పట్టడం ఆ రోజుల్లో డాక్టర్లకూ తెలిసిన వైద్యమే. కాని షావుకార్ల ఇంట్లో ఆడవాళ్ళు పొగ పీల్చడమంటే పరువుతక్కువ. పరువు కోసం ఆమె పొగ మానేసి కషాయం తాగింది. పొగలో కొంచెమే పోయే విషం కషాయంలో చాలా ఎక్కువగా పోతుంది.

ఉమ్మెత్త చేసే పని చెబుతాను. నరం చివర నుంచి ఒక రసాయనం విడుదలై, పక్క కణం మీద తనకున్న చోటులో కూర్చుంటుంది. కబురు అందడమంటే అదే. దాని పేరు అసిటైల్‌కోలిన్. గుండె దగ్గరా కండరాల దగ్గరా ఇలా జరుగుతుందని అప్పటికే రుజువైంది. మెదడులోని కణాలు కూడా రసాయనంతోనే మాట్లాడుకుంటాయా, లేక కరెంటుతోనా అన్న విషయంలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తల మధ్య ఇంకా తగవు తెగలేదు. ఉమ్మెత్త విషం, రైలు పెట్టెలో తువ్వాలు వేసి సీటు ఆపుకునేవాళ్ళలా, ఆ చోటును ముందే ఆక్రమిస్తుంది. అసలు ప్రయాణికుడు నిలబడే ఉంటాడు. నోరూరదు, చెమట పట్టదు, పాప ముడుచుకోదు, మతి పట్టాలు తప్పుతుంది. మామూలుగా అసిటైల్‌కోలిన్‌ను శరీరం క్షణాల్లో ఊడ్చేస్తుంది. ఎసెరిన్ అనే మందు ఆ ఊడ్చే పనిని ఆపుతుంది. అప్పుడు ప్రయాణికులు గుంపుగా చేరి తువ్వాళ్ళను తోసేస్తారు.

ఎసెరిన్ మా కంటి విభాగంలో ఉండేది. మోతాదు మించితే గుండె ఆగవచ్చు కాబట్టి సివిల్ సర్జన్ అనుమతి అడిగాను. నీ పూచీ మీద ఇచ్చుకో అని ఆయన భోజనానికి వెళ్ళిపోయారు. కడుపు కడిగి, సూది ఇచ్చి పక్కనే కూర్చున్నాను. కొంతసేపటికి నాడి నెమ్మదించింది. నాలుక తడిసింది. చెరుగుతున్న చేతులు ఒళ్ళో ఆగాయి. “గిది ఎవరి ఇల్లు బిడ్డా?” అని నన్నడిగింది. అంత అలసటలోనూ నాకు చాలా సంతోషం వేసింది. మెదడు సంగతి పెద్దలు ఎప్పుడు తేల్చుకుంటారో గాని, నా కళ్ళ ముందు మాత్రం ఒక రసాయనం పోగొట్టిన మతిని ఇంకో రసాయనం తెచ్చిపెట్టింది. ఆ మందు ప్రభావం తొందరగా దిగిపోతుంది కాబట్టి మళ్ళీ ఇవ్వాల్సి వచ్చింది.

వరండాలోకి వచ్చి, కషాయం మాట ఎత్తకుండా, విరుగుడుతో తల్లి తేరుకుంటోందని మాత్రం చెబితే వీరేశం తలాడించాడు. “విరుగుడు పన్జేసిందంటె మందు పెట్టినట్టే గద సాబ్.”

నేను చేసిన వైద్యమే ఆ పిల్ల మీద సాక్ష్యమైంది.

మర్నాడు పొద్దున అనసూయ తండ్రి బండి కట్టుకొచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. నర్సమ్మకు తెలివి పూర్తిగా వచ్చింది. ఏం తిన్నావు, ఏం తాగావు అని కొడుకు ఎంత అడిగినా ఆమెది ఒకటే జవాబు. “యాదికి లేదు బిడ్డా.” అనసూయ తల వంచుకుని నిలబడింది. ఒట్టు మాత్రం తప్పలేదు.

ఇదే జాతి మందును అప్పట్లో కొన్ని ప్రసవాల్లో నొప్పులు తెలియకుండా ఇచ్చేవారు. సూది పడిన తర్వాత జరిగింది ఆ తల్లులకు గుర్తుండేది కాదు. సూదికి ముందు జరిగింది మాత్రం పూసగుచ్చినట్టు చెప్పేవారు. ఆ మాటే అందరూ వినేలా నర్సమ్మతో అన్నాను. ఈ విషం కొత్త సంగతుల్ని మెదడుకు ఎక్కనివ్వదు, అంతకుముందు ఎక్కినవాటిని చెరపదు. తాగినంక జరిగింది నీకు తెలియకపోతే నమ్ముతాను, గ్లాసు పెదవికి తాకేదాకా జరిగింది నీకు తెలిసే ఉండాలి అన్నాను. అంతకుమించి ఒక్క మాటా అనలేదు.

ఆమె చాలాసేపు దుప్పటి అంచు సరిచేసుకుంటూ కూర్చుంది.

“నేనే మరగవెట్టుకున్న” అంది చివరికి, కొడుకు మొహం చూడకుండా. “దమ్ము ఆడకపాయె. పొగ తాగితె ఇజ్జత్ పోతదనుకున్న. పిల్ల వద్దనే అన్నది.”

వీరేశం భార్యతో, “ఇగ ఇంటికి పోదాం పా” అన్నాడు. అనసూయ అత్తకు నీళ్ళు తాగించి, గ్లాసు కడిగి బోర్లించింది.

“నిన్న నేను పెట్టలేదంటె వినకపోతివి. ఇయ్యాల అత్తమ్మ చెప్తె విన్నవు. కొన్ని దినాలు మా నాయిన తాన ఉంట” అంది.

వెళ్ళి బండెక్కింది. ఆ ఏడాదే నాకు మళ్ళీ బదిలీ అయింది. ఆమె తిరిగి వచ్చిందో లేదో తెలియదు.

ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నవి రెండు. రోగి యాదికి లేదన్నప్పుడు, ఎప్పటి నుంచి లేదని అడగాలి. రెండోది, ఇంట్లోవాళ్ళు ఎవరినైనా వేలెత్తి చూపిస్తే, రోగి తర్వాత విడిగా మాట్లాడాల్సింది ఆ మనిషితోనే. ఆ రోజు నర్సమ్మ తాగిందేమిటో నాకు చెప్పింది అనసూయ ఒక్కతే.