న్యూజిలాండు వ్యానూ, మా ఆయన లైసెన్సూ

పెళ్లయిన పద్నాలుగేళ్లలో నేనూ మా ఆయనా కలిసి చూసిన ఊళ్లన్నీ చుట్టాల ఊళ్లే. వేసవి సెలవులొస్తే ఒక వారం మా వాళ్ల దగ్గర గుంటూరు వైపు, ఇంకో వారం ఆయన వాళ్ల దగ్గర నల్లగొండ వైపు. ఎక్కడికి పోయినా ఒకటే వరస. వాళ్లు లేచినప్పుడు లేవాలి, వాళ్లు పెట్టింది తినాలి, వాళ్లు చెప్పే డాక్టరు గురించో మొక్కు గురించో వినాలి. మాకు పిల్లలు లేరు. అన్నం వడ్డిస్తూ కూడా సలహా ఇవ్వడానికి అదొక్కటి చాలు జనానికి. రెండు వైపుల వాళ్లూ ఏ విషయంలోనూ కలవరు గానీ, నాకు సలహాలివ్వడంలో మాత్రం ఒక్కటైపోతారు.

అందుకే ఒక ఆదివారం టీవీలో ఆ వ్యాను చూసినప్పుడు చేతిలో చిక్కుడుకాయలు వదిలేసి కూర్చుండిపోయాను. న్యూజిలాండులో ఎవరో మొగుడూ పెళ్లాలు. వ్యానులోనే మంచం, వ్యానులోనే గ్యాసు పొయ్యి, సింకు, చిన్న కిటికీ, దానికో కర్టెను. నచ్చిన చోట ఆపుకుంటున్నారు, వండుకుంటున్నారు, పడుకుంటున్నారు. వాళ్లను పలకరించే దిక్కు లేదు. అబ్బ, ఎంత హాయి! పప్పు కుక్కరు పెట్టుకుని, చెరువు ఒడ్డున కూర్చుని, పదిహేను రోజుల పాటు ఎవరూ ఏమీ అడగకుండా ఉండాలి. నాకు కావలసింది అదే, ఇంకేం కాదు.

మా ఆయనకు చెబితే ఆయనా ఎగిరి గంతేశాడు. ఆయనకు ఎల్బీ నగర్‌లో బండ్ల స్పేర్ పార్టుల దుకాణం ఉండేది. చక్రాలున్న ఏ వస్తువైనా ఆయనకు ఇష్టమే. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. ఏడాది పాటు కూడబెట్టుకున్నాం, పాస్‌పోర్టులు తీసుకున్నాం. అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమ వైపు నడుపుతారని తెలిశాక ఆయన ధైర్యం రెట్టింపైంది. వ్యాన్లు అద్దెకిచ్చే కంపెనీ వాళ్లు మెయిలు పంపారు: నడిపే మనిషి లైసెన్సు రెండు వైపులా కాపీ తీసి పంపండి, ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి, నెలాఖరులోగా పేరు ఖాయం చేయండి, లేకపోతే వ్యాను వేరేవాళ్లకు ఇస్తాం అని.

లైసెన్సు కాపీ తీయించడానికి కొత్తపేటలో మా సందు చివరి జిరాక్సు షాపుకు వెళ్లాను. షాపతను కార్డు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నా ముఖం కేసి చూశాడు. "మేడమ్, ఇది అసలుదేనా?" అన్నాడు. నేనూ అప్పుడే చూశాను. కార్డు పైన అచ్చయిన రాష్ట్రం పేరు లేదు. దాన్ని బ్లేడుతో గీకేసి, తెల్ల పెయింటు పూసి, దాని మీద నల్ల అక్షరాలతో అందంగా టీజీ అని రాసి ఉంది.

అవి ఉద్యమం రోజులు. ప్రత్యేక రాష్ట్రం ఇంకా రాలేదు. అయినా మా వైపు సగం బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపేసి టీజీ రాయించుకున్నారు. మా స్కూటరు మీదా, కారు మీదా రాసినప్పుడు నేనేం అనలేదు. ఊరంతా రాయించుకుంటున్నారు, పోనీలే అనుకున్నాను. కానీ లైసెన్సు మీద ఎవరైనా రాయించుకుంటారా? అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడి నుంచి తిన్నగా దుకాణానికి వెళ్లి, కార్డు తీసి గల్లాపెట్టె మీద పెట్టాను.

"ఇదేమిటండీ?"

ఆయన తీరుబడిగా చూశాడు. "ఓ, గదా. కారు ప్లేటు రాయిస్తుంటే పెయింటరు దగ్గర సన్న కుంచె ఉండె. లైసెన్సు గూడ జేబులనే ఉండె. ఎట్లయినా రాసుడే గద అని రాయించిన."

"ఎట్లయినా రాసుడే గదా అని మీ నుదుటి మీద రాయించుకోలేకపోయారా?"

"గంత పరేషాన్ ఎందుకే? రేపో మాపో రాష్ట్రం వస్తది. వచ్చినంక అందరికి గట్లనే ఇస్తరు. నేను జర ముందుగాల రాయించుకున్న."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గట్టిగా నాలుగు మాటలందామంటే నాకో ఇబ్బంది ఉంది. నేను ఏం మాట్లాడినా అది ఆంధ్రా మాటగా వినిపించే కాలం అది. పప్పులో ఉప్పెక్కువైందన్నా దానికో ప్రాంతం అంటగట్టేవారు. పోనీ మా వాళ్ల దగ్గర మొర పెట్టుకుందామా అంటే, వాళ్లు "ఆ సంబంధం వద్దని మేం ముందే చెప్పాం కదే" అని మొదలెడతారు. అందుకని నోరు మూసుకుని, మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి, ఆయన్ను తీసుకుని లైసెన్సులిచ్చే ఆఫీసుకు వెళ్లాను.

ఆఫీసుకు తాళం. ఉద్యోగులందరూ సమ్మెలో ఉన్నారు. గేటు పక్కన టెంటు వేసుకుని కూర్చున్నారు. "మళ్లీ ఎప్పుడు తీస్తారో కనుక్కోండి" అని మా ఆయన్ను పంపాను. అయిదు నిమిషాలైంది, పది నిమిషాలైంది, అరగంటైంది. ఎండకు నా బుర్ర పగిలిపోతోంది. టెంటు దగ్గరికి వెళ్లి తొంగి చూస్తే, మా ఆయన ముందు వరసలో కూర్చుని, చేతిలో చాయ్ గ్లాసుతో నినాదాలిస్తున్నాడు! లైసెన్సు కోసం వచ్చిన మనిషి, లైసెన్సు ఇవ్వకుండా కూర్చున్న వాళ్లకు మద్దతుగా గొంతు చించుకుంటున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు, నువ్వూ వచ్చి కూర్చోమని. నేను ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను.

సమ్మె రోజుల తరబడి సాగింది. బస్సుల్లేవు, కాలేజీల్లేవు. నాకు ఇంట్లో ఒకటే పని, వ్యాను కంపెనీ వాళ్లకు మెయిళ్లు రాయడం. ఇంకో వారం ఆగండి, ఇంకో పది రోజులు ఆగండి అని. వాళ్లకు సమ్మె అంటే ఏమని చెప్పను? మా వారే దాంట్లో ఉన్నారని ఏ నోటితో చెప్పను? వాళ్లు మర్యాదగానే ఒక నెల గడువు పెంచారు. ఈయన మాత్రం సాయంత్రం ఇంటికి రాగానే న్యూజిలాండు మ్యాపు పరిచి, ఎక్కడెక్కడ ఆపాలో పెన్సిలుతో గీతలు గీసేవాడు. ఆ పెన్సిలు లాక్కుని విరగ్గొట్టాలనిపించేది.

ఎట్టకేలకు ఆఫీసు తెరిచారు. కిటికీ దగ్గర కూర్చున్న గుమస్తా టెంటులో మా ఆయన పక్కన కూర్చున్నవాడే. కార్డు చూసి తల పట్టుకున్నాడు.

"అన్నా, గిట్ల చేసినవేందే? నేను గూడ నీ లెక్కనే, జీతం లేకుంట సమ్మెల కూసున్న. అయితే మాత్రం గీ కార్డు మీద నేనెట్ల స్టాంపు గుద్దుత?"

"కొత్తది ఇయ్యి మరి," అన్నాడు మా ఆయన.

"ఇస్త. నా తప్పు వల్ల కార్డు ఖరాబైంది, మల్ల ఇప్పించమని రెండు లైన్లు రాసి సంతకం పెట్టు. అంతే."

మా ఆయన కాగితం తీసుకున్నాడు, పెన్ను తీసుకున్నాడు, ఆగిపోయాడు. "తప్పని నేను రాయ," అన్నాడు.

"మాటవరసకే అన్నా. ఎవరు చదువుతరు దీన్ని?"

"ఎవరు చదవకున్నా సంతకం నాదే గద. మా ఊరి పిల్లలు లాఠీ దెబ్బలు తిని దవాఖానల పడ్డరు. వాళ్లు తప్పనలే. నేను లైసెన్సు కోసం తప్పు జేసిన అని రాసియ్యాల్నా? రాయ."

నేను బతిమాలాను. తిట్టాను. మీ బదులు నేను రాస్తాను, సంతకం ఒక్కటి పడేయండి అన్నాను. ఊహూ. వెనక క్యూలో జనం మమ్మల్నే చూస్తున్నారు. "రాష్ట్రం వచ్చినంక టీజీ లైసెన్సు తీసుకుందం, అప్పుడు పోదం," అన్నాడు. అది ఎప్పుడొస్తుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియని రోజులవి! నాకు ఏడుపొచ్చింది. పదిహేనే పదిహేను రోజులు అడిగాను ఈ మనిషిని. ఆయన పంతం న్యాయమైందే, కాదనను. కానీ ఆ న్యాయానికి నా వ్యానే దొరికిందా?

ఇంటికొచ్చి బీరువాలో పాస్‌పోర్టులు విసురుగా పడేస్తుంటే, కవర్ల కింద నా లైసెన్సు కనిపించింది. పెళ్లయిన కొత్తలో డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని తీసుకున్నది. ఆ తర్వాత రెండు నెలలు నడిపాను. పక్కన ఈయన కూర్చుని బండి కదిలితే చాలు "అమ్మో, ఆగు, సచ్చినం" అని అరిచేవాడు. ఆ అరుపులకు కంగారుపడి ఒకసారి ఎదురింటి గేటును గుద్దాను. అంతటితో తాళంచెవి ఆయన జేబులోకి పోయింది, మళ్లీ నా చేతికి రాలేదు.

"నేను నడుపుతాను," అన్నాను.

ఆయన పడీ పడీ నవ్వాడు. "గేటు సంగతి మర్చినవా? గది వ్యాను, పెద్దగుంటది."

ఆ నవ్వుకు నాకు ఎక్కడలేని పంతం వచ్చింది. ఆ రాత్రే నడిపే మనిషి పేరు దగ్గర నా పేరు రాసి, నా లైసెన్సు కాపీ పంపేశాను. మర్నాడు ఆయనకు చెబితే గొడవ గొడవ చేశాడు. రెండు రోజులు దుకాణంలోనే తిన్నాడు. మూడోనాడు బంద్. "బంద్ నాడు రోడ్డు ఖాళీగ ఉంటది, నేర్చుకుంటే గిప్పుడే నేర్చుకో," అని తనే తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

తెల్లవారగానే బయలుదేరాం. విజయవాడ రోడ్డు అంత ఖాళీగా ఉండగా నేను ముందెప్పుడూ చూడలేదు. దుకాణాల షట్టర్లన్నీ మూసి ఉన్నాయి, కుక్కలు రోడ్డు మధ్యలో పడుకున్నాయి. మొదటి అరగంట ఆయన అరుపులే అరుపులు. "క్లచ్ ఇడువు. గంత జోరుగ కాదు. బ్రేకు! బ్రేకు!" నేను కారు పక్కకు ఆపి, "ఇంకో మాట మాట్లాడితే దిగి నడిచి రండి," అన్నాను. ఆయన తలుపు పిడి గట్టిగా పట్టుకుని, పెదాలు బిగించుకుని కూర్చున్నాడు. అబ్దుల్లాపూర్‌మెట్ దాకా ఒక్క మాట లేదు. మూడో గేరు, నాలుగో గేరు. కిటికీలోంచి చల్లగాలి. ఆ గాలి నా సొంతమన్నట్టు అనిపించింది.

తిరిగి వస్తుంటే ఎల్బీ నగర్ దగ్గర రోడ్డు మీద వంటా వార్పూ జరుగుతోంది. నడిరోడ్డు మీద రాళ్లు పేర్చి, పొయ్యిలు వెలిగించి, జనం వండుకుంటున్నారు. కారు ఆపక తప్పలేదు. గరిటె పట్టుకున్న ఒకావిడ వచ్చి లోపలికి తొంగి చూసింది. మా ఆయన్ను గుర్తుపట్టి, "అన్నా, బంద్ నాడు నువ్వేంది కారుల తిరుగుతున్నవ్?" అని నిలదీసింది.

ఆయన నా కేసి చూశాడు. నేనే చెప్పాను. "ఈయన లైసెన్సు మీద టీజీ అని రాయించుకున్నారమ్మా. ఇప్పుడది చెల్లదు. అందుకని నేను నేర్చుకుంటున్నాను."

నా యాస విని ఆవిడ ఒక్క క్షణం ఆగింది. అంతలోనే ఆవిడ పకపకా నవ్వి, "లైసెన్సు మీద గూడ రాయించినవా అన్నా!" అని అందరికీ వినపడేలా అరిచింది. మమ్మల్ని దింపి, విస్తరాకుల్లో వేడివేడి అన్నం, పప్పుచారు పెట్టింది. "మంచిగ నేర్చుకో అక్కా," అంది నాతో. మా ఆయన తలెత్తకుండా తిన్నాడు.

ఆ తర్వాత నా పేరు మీద పర్మిట్ తీసుకున్నాను, వారం వారం నడిపాను. ఆయన తనకు తెలిసిన వాళ్ల స్కూలు వ్యాను కూడా తెచ్చి ఇచ్చాడు. అది నాకు పట్టుబడుతున్న కొద్దీ ఆయన ముఖం చిన్నబోవడం చూస్తూనే ఉన్నాను. ఒక సాయంత్రం ఆయన దుకాణం నుంచి పెందలాడే వచ్చి, మడత పెట్టిన కాగితం నా చేతిలో పెట్టాడు. నా తప్పు వల్ల కార్డు ఖరాబైంది, మల్ల ఇప్పించగలరు అని రాసి ఉంది. కింద సంతకం.

"నీ కోసం రాసిన," అన్నాడు. "రేపు ఇచ్చేస్త. నేనే నడుపుత, నువ్వు పరేషాన్ గాకు."

ఇన్నాళ్లు నేను కాళ్లావేళ్లా పడ్డా రాయని కాగితం. దాన్ని రెండు సార్లు చదివి, నాలుగు ముక్కలుగా చించేశాను.

ఆయన కళ్లు నిండిపోయాయి. "నా ఇజ్జత్ నిలబెట్టినవే," అన్నాడు. ఆ మాట తర్వాత ఎంతమంది దగ్గర చెప్పుకున్నాడో లెక్కలేదు. నేను కాదనలేదు. ఆయన పరువు ఆ క్షణాన నాకు గుర్తుకైనా రాలేదు. ఆ స్టీరింగు ఇంకొకరికి ఇవ్వడం నాకిష్టం లేదు, అంతే.