గేటు దగ్గర అడగని మాట

మస్కట్‌లో బౌషర్ అనే పేటలోని ఆ స్కూల్లో గంగాప్రసాద్‌ను ఎరగని పిల్లలు లేరు. ఆర్మూర్ దగ్గరి పల్లె నుంచి మేస్త్రీ పనికని మస్కట్ వచ్చాడు. నడుం పట్టేశాక ఆ స్కూల్లో వాచ్‌మన్‌గా చేరి, మెల్లగా సెక్యూరిటీ సూపర్‌వైజర్ అయ్యాడు. భార్య సుమలత ఒక ఆస్పత్రిలో క్లీనింగ్ పని చేసేది. ఒక్కతే కూతురు లాస్య అదే స్కూల్లో తొమ్మిదో తరగతి చదివేది.

ఆ ఏడు స్కూలు కొత్త నిబంధన పెట్టింది. కత్తి, చాకు, బ్లేడు, అట్టలు కోసే కట్టర్, ఏదైనా సరే, ఏ కారణంతో తెచ్చినా సరే, తెచ్చిన పిల్లల్ని స్కూలు నుంచి తీసేస్తారు. తల్లిదండ్రులంతా సంతకాలు చేశారు. గంగాప్రసాద్ కూడా చేశాడు. ఆ కాగితాన్ని గేటుకు అంటించిందీ అతనే. పుట్టినరోజు కేకుతో పాటు స్టీలు కత్తి తెచ్చిన ఒక తండ్రిని మొహమాటం లేకుండా వెనక్కి పంపాడు. జాతీయ దినోత్సవం నాడు ఒమానీ దుస్తుల్లో వచ్చిన పిల్లల నడుముకున్న ఖంజర్లను, ఆ వంకీ బాకులను, తట్టి చూసి, బొమ్మవేనని తేలాకే లోపలికి వదిలాడు. టీచర్లు నవ్వేవారు. అతనికి మాత్రం గర్వంగా ఉండేది.

అక్కడ శుక్ర, శనివారాలు సెలవు; ఒక ఆదివారం ఉదయం స్కూలు తెరిచాక బ్యాగులు వెతుకుతుండగా లాస్య వంతు వచ్చింది. పుస్తకాల వెనక చేతిరుమాలులో చుట్టిన గట్టి వస్తువేదో అతని చేతికి తగిలింది. విప్పి చూస్తే ఇంట్లో ఉల్లిగడ్డలు కోసే చాకు. జిప్పు మూసేస్తే ఎవరికీ తెలియదు. కానీ వెనక పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు, పక్కన ఇంకో గార్డు ఉన్నాడు. తన బిడ్డ కాబట్టి వదిలేశాడంటారని భయపడ్డాడు. చాకును బల్ల మీద పెట్టాడు. లాస్య తండ్రి మొహంలోకే చూస్తూ నిలబడింది. అతను తల తిప్పుకుని ఆఫీసుకు ఫోన్ చేశాడు.

ఎందుకు తెచ్చావని ప్రిన్సిపల్ మేడమ్ ఎన్ని విధాల అడిగినా పిల్ల నోరు విప్పలేదు. పోలీసుల దాకా పోనివ్వకపోవడమే ఆమె చేయగలిగిన దయ. లాస్యను ఆ రోజే ఇంటికి పంపేశారు. రెండు రోజుల్లో స్కూలు కమిటీ ఆమె పేరు తీసేసింది.

"స్కూల్ల నా ఇజ్జత్ తీసినవ్" అన్నాడు గంగాప్రసాద్ ఇంటికొచ్చాక. ఆ వారమంతా కూతురితో కలిసి తినలేదు.

శుక్రవారం సుమలత బిడ్డకు తలస్నానం చేయించి జుట్టు ఆరబెడుతుంటే బయటి తలుపు గొళ్లెం చప్పుడైంది. లాస్య ఒళ్లంతా బిగుసుకుపోయింది. తల్లి చేతిలో దువ్వెన ఆగిపోయింది. తలుపు తీసుకుని వచ్చింది మల్లేశం. గంగాప్రసాద్ ఊరివాడు. ఘాలాలో ఒక గ్యారేజీలో రాత్రి డ్యూటీ. రూమ్ దొరక్క ఇబ్బంది పడుతుంటే గంగాప్రసాదే తమ ఫ్లాట్‌లో ఒక గది ఇచ్చాడు. లాస్య అతన్ని మామా అని పిలిచేది.

సుమలత బిడ్డను లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపేసి అడిగింది. లాస్య చాలాసేపు ఏడ్చి, అప్పుడు చెప్పింది. స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో మల్లేశం ఒక్కడే ఉండేవాడు. వంటింటి దారికి అడ్డంగా నిలబడేవాడు. గది తలుపు తట్టేవాడు. ఒకరోజు చేయి పట్టుకుని లాగాడు. చెబితే మీ నాయన నన్ను చంపి జైలుకు పోతాడని బెదిరించాడు. అందుకే ఇంట్లో అడుగుపెట్టేటప్పుడు చేతికందేలా చాకును బ్యాగులో పెట్టుకుంది.

సాయంత్రం సుమలత అంతా చెప్పాక గంగాప్రసాద్ కూతురి దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చున్నాడు. "నాకెందుకు చెప్పలే బిడ్డా?" అన్నాడు.

"గేటు కాడ నువ్వు ఎందుకు తెచ్చినవని అడుగుతవనుకున్న డాడీ" అంది లాస్య. "నువ్వడిగితే చెప్పేద్దామనుకున్న."

అతను మల్లేశం గది మీదికి పోతే అక్కడ ఎవరూ లేరు. తలుపుల వెనక మాటలు విన్నాడో ఏమో, సంచీ సర్దుకుని జారుకున్నాడు. పోలీసుల దగ్గరికి పోదామంది సుమలత. ఈ మాటలు ఇంకెవరి ముందూ చెప్పనని లాస్య గోడ వైపు తిరిగి పడుకుంది. బిడ్డను బలవంతం చేయడానికి ఇద్దరికీ మనసు రాలేదు.

ఆదివారం స్కూలు తెరవగానే గంగాప్రసాద్ ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్లాడు. ఆమె కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. ముందే తెలిసుంటే ఏదైనా చేసేదాన్నని, ఇప్పుడు కమిటీ నిర్ణయం అయిపోయిందని చెప్పింది. ఆమె మళ్లీ కమిటీని అడిగి చూసింది కూడా. ఒకరికి సడలిస్తే నిబంధనకు విలువుండదన్నారు వాళ్లు. టీసీలో మాత్రం కారణం రాయకుండా ఇచ్చారు.

సుమలత పని మానేసి బిడ్డను తీసుకుని ఊరికి పోయింది. ఆర్మూర్‌లో బడిలో చేర్పించింది. మస్కట్‌లో పెరిగిన పిల్లకు తెలుగు పాఠాలు చదవడం రాక, తనకంటే చిన్నపిల్లల వాచకాలు ముందేసుకుని కూర్చుంటోందట.

గంగాప్రసాద్ ఫ్లాట్ వదిలేసి కంపెనీ రూమ్‌కు మారాడు. బ్యాగులు చూసే పని తనకొద్దని బతిమాలి వెనక వైపు బస్సుల గేటుకు మార్పించుకున్నాడు. ప్రతి శుక్రవారం ఇంటికి ఫోన్ చేస్తాడు. తిన్నవా అంటే తిన్న అంటుంది లాస్య. బడి మంచిగున్నదా అంటే ఉన్నది అంటుంది. ఆ తర్వాత ఫోన్ తల్లికిస్తుంది.

మొన్న సుమలతతో, ఇక్కడ అన్నీ వదిలేసి వచ్చేస్తానన్నాడు.

"ఇప్పుడే రాకు" అందామె. "పిల్లకు ఇంకా నీ ముంగట నిలబడే ధైర్యం రాలే. నీకూ రాలేదనుకుంట."

అతను సరే అన్నాడు.