ఎవరూ రాని పత్తి చేను

కూలి ఆడవాళ్ల ఆటో మా చేను గట్టు దగ్గర ఆగకుండా ముందుకు పోయింది. నాకు మొదటిసారి భయమేసింది అప్పుడే. వాళ్ల కోసం తెచ్చిన మజ్జిగ బిందె ఇంకా చంకలోనే ఉంది. ఏటా మా పత్తి తీయడానికి ఆడవాళ్లను కూడగట్టి తెచ్చే మేస్త్రమ్మ ఆటో వెనక వైపు కూర్చుని, నన్ను చూసి కూడా చూడనట్టు కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆటో మలుపు తిరిగి మా పార్టీ పెద్దాయన చేను వైపు వెళ్లింది. తూర్పున మబ్బు పట్టి ఉంది. మా చేలో కాయలన్నీ పగిలి పత్తి తెల్లగా వేలాడుతోంది. వాన పడితే అదంతా తడిసి నల్లబడుతుంది. అప్పుడు దాన్ని కొనేవాడుండడు.

మాది జమ్మలమడుగు దగ్గర నల్లరేగడి పల్లె. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివి ఇక్కడికి కోడలిగా వచ్చాను. ఈ ఊళ్లో ఎవరు ఏ పార్టీయో తెలియడానికి జెండాలు చూడనక్కర్లేదు, ఎవరు ఎవరింట టీ తాగుతారో చూస్తే చాలు. రెండు పార్టీలకు రెండు టీ కొట్లు. కూలికి పోయేవాళ్లు కూడా తమ పార్టీ వాళ్ల చేలకే పోతారు. మా మామగారి కాలం నుంచీ మా ఇల్లు ఒకటే పార్టీ.

ఈ ఏడు పత్తి చేతికొచ్చే వేళకు ధర పడిపోయింది. అమెరికా వాళ్లు మన బట్టల మీద పన్ను పెంచారని, మన మిల్లులు నిలదొక్కుకోవడానికి ఢిల్లీ ప్రభుత్వం బయటి దేశాల పత్తి మీద సుంకం ఎత్తేసిందని పేపర్లో చదివి మా ఆయనకు నేనే చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

"అంటే చొక్కాలమ్మేటోని నష్టం తెచ్చి నా చేను మీద ఏసినారు," అన్నాడు.

ఆ వారంలోనే పెద్దాయన ఇంటి ముందు మీటింగు పెట్టారు. నేను ఆడవాళ్లతో గోడవారన నిలబడ్డాను. మా ఆయన లేచాడు.

"మామా, బయటి పత్తి దిగుతాందంట. ఆ సుంకం ఎత్తేసేటప్పుడు ఢిల్లీలో మనోళ్లు ఒక్క మాటన్నా అడిగినారా?"

"ఏం అల్లుడా, నీ చేను అమెరికాలో ఉండాదా ఏంది?" అన్నాడు పెద్దాయన. అందరూ నవ్వారు.

"చేను ఈడనే ఉండాది మామా. ధరే ఆడ తెగుతాంది."

 వెనక నుంచి ఎవరో, "పెండ్లాం పేపరు సదివి సెప్తాంది, ఈయప్ప వచ్చి మనల్ని అడుగుతాండాడు," అన్నారు. మళ్లీ నవ్వులు. నా పక్కనున్న ఆడవాళ్లు కొంచెం జరిగి నిలబడ్డారు.

ఆ సాయంత్రమే రెండో పార్టీ వాళ్లు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఇంటికొచ్చిన మనిషిని టీ ఇవ్వకుండా పంపడం నాకు చేతకాదు. ఇచ్చాను, తాగారు. వాళ్లలో పెద్దవాడు సంచిలోంచి తమ పార్టీ కండువా తీశాడు.

"మగోడివప్పా, నిలదీసినావు. ఇది ఏస్కో."

"మీవోళ్లు అడిగినారా అన్నా, ఢిల్లీలో?"

అతను కండువా మళ్లీ మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "టీ శానా బాగుండాది మ్మా," అని నాతో చెప్పి లేచాడు.

మా ఆయన కండువా వద్దన్నది వీధిలో ఎవరికీ వినబడలేదు. అరుగు మీద టీ గ్లాసులు మాత్రం అందరికీ కనబడ్డాయి. మా వాళ్లకు మేము పరాయివాళ్లమయ్యాం. రెండో పార్టీ వాళ్లకూ మేము దక్కలేదు కాబట్టి, అటు నుంచీ కూలికి వచ్చేవాళ్లు లేరు.

ఆటో ఆగకుండా పోయిన రోజు మధ్యాహ్నం మేస్త్రమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె గడప దాటి బయటికి రాలేదు, నన్ను లోపలికి రమ్మనలేదు.

"నీ చేనికొస్తే రేపు నాకు యాడా పనుండదు మ్మా," అంది. నేను తిరిగి నడుస్తుంటే వెనక నుంచి, "నీ మజ్జిగ బిందె సూసినాలే. మొగం సూపలేకనే కొంగు లాక్కున్నా," అంది.

మా ఆయన ఆ రోజే కూలీల కోసం వేంపల్లె బస్సెక్కాడు. అక్కడి కూలీలకు మా ఊరి టీ సంగతులు తెలియవని ఆయన ఆశ. పొద్దుగూకాక పులివెందుల నుంచి మా అక్క ఫోను చేసింది.

"పిల్లోళ్లను తీసుకోని ఈడికొచ్చేయ్ మే. కూలోళ్లు రాకపోతే పాయె, ఇంకేమన్నా అయితే?"

 తర్వాత మా ఆయన ఫోను. మనుషులు దొరికారట, కానీ ఎల్లుండికి గాని రాలేరట. ఫోను పెట్టేశాక తలుపు గడియ మళ్లీ ఒకసారి చూసుకుని, పిల్లల మధ్య పడుకున్నాను. పక్కింట్లో టీవీ మోగుతోంది. మామూలుగా ఆ ఇంటావిడ పడుకునే ముందు గోడ మీదుగా ఒక మాట పలకరిస్తుంది. ఆ రాత్రి ఆమె గొంతు కోసం చాలాసేపు చెవి ఒగ్గి ఉన్నాను.

తెల్లారేసరికి మబ్బు ఇంకా దగ్గరికొచ్చింది. ఆదివారం, బడి లేదు. జడ వేస్తుంటే పాప అడిగింది.

"అమ్మా, మనం ఇప్పుడు ఏ పార్టీ? బడి బస్సులో పిల్లోళ్లు అడుగుతాండారు."

పిల్లవాడు కూడా నా మొహం వైపే చూస్తున్నాడు.

"నాకూ తెలీదు మ్మా," అన్నాను. "ఎవురన్నా అడిగితే, మా నాయన ఒక మాట అడిగినాడు, ఎవురూ జవాబు సెప్పలేదని సెప్పు. అంతే. ఇప్పుడు ఆ సంచులు తీసుకోండి ఇద్దురూ, చేనికి పోదాం. కింద కొమ్మలయి మీరు తీయండి, పైవి నేను తీస్తా. వాన పడే లోపల ఎంత అయితే అంత."